నీ దగ్గు తీయొద్దన్నాను

మావా,

మన మనవరాలు రూతు, కంప్యూటర్లో పాటలూ ఫోటోలూ సర్దే ఏఐకి ఏ టూలు ఎలా వాడాలో రాసిపెట్టే ఉద్యోగంలో చేరింది. నిన్న తను రాసింది సరిచూసుకోవడానికి, కోటబొమ్మాళి చర్చిలో నువ్వు పాడిన పాట దానికిచ్చింది. పాట మధ్యలో నీ దగ్గు ఉంది కదా, "ఈ చప్పుడు తీసేయమంటారా?" అని అది అడిగింది. వెంటనే అరిచాను.

"ఒసే, తియ్యొద్దని సెప్పే!"

"అడక్కుండా ఏటీ తియ్యదు మామ్మా. అలాగనే రాసినాను."

"మీ తాతలాగ నేనూ పోయినాక అడిగితే ఎవులు వద్దంటారే?"

రూతు నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఇంకో మాట రాసి, చదివి వినిపించింది: "ఇది తాత దగ్గు. ఎవరు చెప్పినా తీయకూడదు."

అప్పుడు గాని నా మనసు కుదుటపడలేదు. పాట మళ్లీ పెట్టమన్నాను. నీ దగ్గు వినగానే, నీకు మంచినీళ్లు తెద్దామని లేచి వంటగది దాకా వెళ్లిపోయాను.