కదిలిపోయే గీతల ముందు

నాన్నా,

బంటుమిల్లి రొయ్యల చెరువు దగ్గర, నువ్వు కాపలా కూర్చునే కుర్చీలోనే కూర్చుని రాస్తున్నాను. ఎదురుగా ల్యాప్‌టాప్ ఉంది. కోడ్ రాసే పని లేకుండా, తెర మీద డబ్బాల బొమ్మలు పెట్టి, వాటి మధ్య వైర్లు గీసి ఒక ప్రోగ్రాం తయారుచేశాను. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల చప్పుడు మైకులోంచి వచ్చి, రంగుల గీతలై కుడి నుంచి ఎడమకి జరిగిపోతుంది. మోటారు బాగుంటే గీత తిన్నగా పోతుంది. బేరింగ్ అరుగుతుంటే దాని పైన సన్నగా ఇంకో గీత పుడుతుంది. నువ్వు కళ్ళు మూసుకుని విని చెప్పేది ఇదే.

ఇక ఎవరూ కాపలా కూర్చోనక్కర్లేదనే చేశాను. తీరా చూస్తే ఆ సన్నగీతని పోల్చుకోవడం నా ఒక్కదానికే వచ్చు. "నువ్వుంటే మీ నాన్నున్నట్టే ఉందమ్మాయ్," అన్నారు చెరువు ఆసామి. మంచితనంతోనే అన్నారు. నేను నీ కుర్చీలోంచి లేచి గట్టు మీదికి నడిచాను.

నేను డిగ్రీ పట్టా తీసుకున్న రోజు నువ్వు రాలేదు. ఇంటికొచ్చి, "నీకా మోటార్లే ఎక్కువా?" అని తమ్ముడి ముందే అడిగాను. నువ్వేం మాట్లాడలేదు.

ఈ రోజు నీ సంవత్సరీకం. ఇందాక తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, పంతులు గారు వచ్చేశారు. బయల్దేరావా?"

చెప్పులేసుకున్నాను కూడా. అప్పుడే మూడో ఏరేటర్ గీత పైన సన్నగా ఇంకోటి కనిపించింది. గుడివాడ నుంచి మెకానిక్ వచ్చేదాకా కదలడానికి లేదు. అది ఆగితే గాలి అందక రొయ్యలు చచ్చిపోతాయి.

"మీరు కానిచ్చెయ్యండి," అన్నాను.

"నీకా మోటార్లే ఎక్కువా?" అన్నాడు వాడు.

నేనేం మాట్లాడలేదు, నాన్నా.