నా సంచి మీద కవిత

నానక్‌రామ్‌గూడ,
ఆదివారం.

బంగారు తల్లి అఖిలకు, అమ్మ కడుపార దీవించి రాస్తున్నది ఏందంటే, ఇక్కడ నేను, మీ నాయిన మంచిగనే ఉన్నం. అక్కడ నువ్వు గూడ అట్లనే ఉన్నవని తలుస్తున్న. మీ హాస్టల్ల ఫోన్లు గుంజుకున్నరని మొదట్ల మస్తు తిట్టుకున్న గని, ఇప్పుడు అదే మంచిదనిపిస్తున్నది. ఫోన్ల అయితె ‘తిన్నవా, పన్నవా’ తోనే అయిపోతది. ఈ సంగతి ఫోన్ల చెప్పుడు నాతోని కాకపోతుండె.

నువ్వు అడిగినయన్ని చెప్త. మీ నాయిన దగ్గు తగ్గింది, బస్తీ దవాఖానల మందులిచ్చిన్రు. నీ ఎర్ర స్వెట్టర్ దొరికింది, బియ్యం డబ్బా ఎనుక పడ్డది. హాస్టల్ల పప్పు నీళ్ల లెక్క ఉంటదని రాసినవు. ఎట్లున్నా కడుపునిండ తిను, చదివెటోళ్లకు ఆకలి ఎక్కువ.

ఇగ నీ అసలు ప్రశ్న. మీ పాఠంల కథ ఉన్నది గద, కూలికి పోయే లచ్చవ్వకు పటేలింటామె గిన్నెల కూర పంపిస్తది. లచ్చవ్వ కూర తిని, గిన్నె కడిగి, అండ్ల పిడికెడు చింతపండు ఏసి వాపస్ పంపుతది. అక్కడికి కథ ఐపోతది. ఆ చింతపండు పేదోళ్ల విశ్వాసానికి, కృతజ్ఞతకు ప్రతీక అని మీ పార్థసారథి సారు చెప్పిండు. నువ్వేమో ‘కాదు, నేను నీకు తక్కువ కాదని లచ్చవ్వ చెప్తున్నది’ అని వ్యాసం రాసినవు. ఈ నెల ఇరవై లోపట అది మార్చి రాస్తెనే వరంగల్ సెమినార్‌కు నీ పేరు పంపుత అన్నడు సారు. మార్చాల్నా అని నువ్వు అడిగితె, ‘సారు చెప్పినట్టే రాయి బిడ్డా, పెద్దోళ్లతోని మనకెందుకు’ అని రాసింది నేనే. దానికి నువ్వు ఒక్కటే ముక్క రాసినవు: ‘నీకు గూడ సారు చెప్పినట్టే అనిపిస్తున్నదా అమ్మా?’

లేదు బిడ్డా. నాకెట్ల అనిపిస్తది? పక్కింటోళ్లు కూర పంపితె ఉత్త గిన్నె వాపస్ ఇస్తమా మనం? ఇంట్ల ఏం లేని రోజు గూడ జయమ్మ గిన్నెల నాలుగు పచ్చిమిరపకాయలన్న ఏసిన, నువ్వే తీస్కపోయి ఇచ్చినవు. అది దండం పెట్టుడా? నువ్వొకనాడు పెడితె నేనొకనాడు పెడత అనుడు. బిచ్చమేసినోళ్లకు ఎవ్వలన్న ఎదురు చింతపండు ఇస్తరా? మీ సారుకు కథ తెల్సు గని గిన్నె తెల్వది. పోయిన ఉత్తరంల నేను రాసిన మాట వాపస్ తీస్కుంటున్న. దాన్ని చింపి పారెయ్.

ఎందుకు మాట మార్చిన అంటవా? ఒక సంగతి నీకు దాచిపెట్టిన. చదివి కోపం చెయ్యకు.

మార్చి నెలల ఆఫీసోళ్లు నాకు శాలువ కప్పిన్రు, మంచిగ పని చేసినందుకని నీకు రాసిన. శాలువ నిజమే, ఎందుకన్నదే అబద్ధం. మా హౌస్‌కీపింగోళ్లం ఏం తెచ్చుకున్నా, ఏం తీస్కపోయినా లోపలిది బయటికి కనబడే ప్లాస్టిక్ సంచిలనే పెట్టుకోవాలె. ఏమన్న ఎత్తుకపోతమేమో అని ఆ రూలు. కంప్యూటర్ల ముంగట కూసునెటోళ్ల బ్యాగులకు ఆ రూలు లేదు. పదకొండో అంతస్తుల పనిచేసే భాస్కర్ సారు నా సంచి చూసి కవిత రాసిండు. మంచి పిల్లగాడే, ఎదురుపడితె నమస్తె పెడతడు. ‘ఆమె సంచి లోపలంతా కనిపిస్తుంది, ఆమె మనసు లాగే’ అని ఉన్నది అండ్ల. మహిళా దినం నాడు నన్ను స్టేజి ఎక్కించి చదివిండు. ‘దాపరికం లేని శ్రమకు ప్రతీకండి ఈ సంచి. అంతేనా సత్తెమ్మగారూ?’ అని మైకు నా నోటి కాడ పెట్టిండు.

ఆ పొద్దు నా సంచిల ఏమున్నదో చెప్పాల్నా? ప్యాడ్ల ప్యాకెట్, నల్ల కవర్ల సుట్టి పెట్టుకున్న. గేటు కాడ సెక్యూరిటీ డ్యూటీల మీ నాయిన లేడు, కొత్త పిల్లగాడున్నడు. కవరు ఇప్పు అన్నడు. నలుగురి నడిమిట్ల ఇప్పిన. సిగ్గుతోని సచ్చిపోయిన అఖిలా. అది అయి రెండు గంటలు గూడ కాలె, మైకు ముంగట నిలబడి ‘అవును సారు’ అన్న. అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను గూడ కొట్టిన.

మొన్న మంగళవారం భాస్కర్ సారు సంబురంగ వచ్చిండు. ‘మీ కవితని గేటు పక్క గోడ మీద రంగుల్లో రాయిస్తున్నారండి, కింద మీ పేరు కూడా వేస్తారు’ అన్నడు. నీ ఉత్తరం అప్పటికే రెండు దినాల సంది నా కొంగుల ఉన్నది. ఇగ ఆగలేకపోయిన.

‘రాయించకుర్రి సారు. అది తప్పు’ అన్న.

‘మీ మీద గౌరవంతోనే రాశానండి. సంచిని ప్రతీకగా తీసుకున్నాను’ అన్నడు.

‘ప్రతీక అంటె ఏందో నా బిడ్డ చెప్పింది సారు. ఒక వస్తువు చూపిచ్చి ఇంకో మాట చెప్పుడు. మరి మీరు వస్తువునే సరిగ చూడలె. అది మా మనసు కాదు. మేం దొంగలమేమో అని మీ ఆఫీసుకున్న అనుమానం.’

పిల్లగాని మొకం చిన్నగైంది. ‘మరి అప్పుడు మీరే అవునన్నారు కదండీ’ అన్నడు.

నిజమే గద. బకెట్ పట్టుకోని అవుతలికి పోయిన.

తెల్లారి బట్ట సంచి పట్టుకపోయిన, మన చందానగర్ అంగట్ల కొన్న పువ్వుల సంచి. ఆ దినం గేటు కాడ డ్యూటీల మీ నాయినే ఉన్నడు. ‘ఏందే ఇది, ఇట్ల తెస్తె ఎట్ల పంపాలె?’ అన్నడు. ‘పంపకు. ఆపుతవా, ఆపు’ అన్న. మీద కెమెరా దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. సంచి ముట్టకుంట పక్కకు జరిగిండు. పెండ్లయిన ఇరవై రెండేండ్లల్ల ఆయిన మీద నాకు గంత ప్రేమ ఎన్నడు రాలె, నవ్వకు.

పగటాల్లకే మమ్ముల పనికి పెట్టిన ఏజెన్సీ నర్సింహ ఇద్దర్ని పిలిచిండు. ‘రూలు అందరికి ఒక్కటే’ అన్నడు. ‘అందరికి ఒక్కటైతె సార్ల బ్యాగులు గూడ చూపియ్యమను’ అన్న. నన్ను ఆ బిల్డింగుల నుంచి తీసేసి మదీనాగూడ అపార్టుమెంటుకు ఏసిండు. మీ నాయినను సెల్లార్ పార్కింగుకు పంపిండు. ‘పోనీతియ్యే, ఎండ తప్పింది’ అంటున్నడు ఆయిన. నీ ఉత్తరం వల్లనే గిట్లయిందని పరేషాన్ కాకు. పొద్దుగాల రెండు షేర్ ఆటోలు ఎక్కుడు తప్ప నాకు తక్లీఫ్ ఏం లేదు. బట్ట సంచితోనే పోతున్న.

గోడ మీద కవిత మాత్రం రాయనే రాసిన్రు. కింద ‘సత్తెమ్మకు’ అని నా పేరు. పోయెటోళ్లు వచ్చెటోళ్లు చదివి, నిజమే గావచ్చు అనుకుంటరు. నేను ఒక్కసారి అవునన్నందుకు అది అక్కడ్నే ఉంటది, తుడుసుడే నా పనైనా దాన్ని తుడుసుడు నాతోని కాదు.

నీ కాయితం ఇంక నీ చేతులల్లనే ఉన్నది. సారుకు నమస్తె పెట్టి, మర్యాదగనే చెప్పు, ‘ఇది నేను మార్చ సారు’ అని. సెమినార్‌కు పంపకపోతె పంపకపోని.

ఇట్లు,
కాదు అనుడు ఆలస్యంగ నేర్సుకున్న
మీ అమ్మ,
సత్తెమ్మ