రాహుకాలంలో ఇంజన్

ఏమండీ, పూజయ్యాక పులగం తినండి. కుక్కర్లో ఉంది. కారు నేను తీసుకెళ్తున్నాను.

నేను గట్టిగా తొక్కడం వల్లే మైలేజ్ పడిపోయిందన్నారుగా? మెకానిక్ నిన్న అంతా చూసి, "టైర్లలో గాలి బాగుండాది, ఫిల్టరూ బాగుండాదక్కా" అన్నాడు. మీరు హిందూపురం పోయిన వారం లీటరుకు పదహారు కిలోమీటర్లు వచ్చింది. మీరున్న వారం పదకొండే. సోమవారం రాహుకాలం, బుధవారం యమగండం రాకముందే బయలుదేరినట్టుంటుందని కారు గేటు దాటించి, ఇంజన్ ఆపకుండా లోపలికొచ్చి, అరగంట కూర్చుని టిఫిన్ తినేది ఎవరు?

ఈరోజు సోమవారం. ఇప్పుడు ఏడూ నలభై. నేను రాహుకాలంలోనే బయలుదేరుతున్నాను.

శశికళ

మీ ఆఫీసు బ్యాగు ఏడుంబావుకే ఎదురింటి అలివేలక్క వాకిట్లో పెట్టొచ్చాను. మీరు బయలుదేరినట్టే. నిదానంగా బస్సులో పోండి.