శుక్రవారం రొట్టెల జాబితా

స్కీవె, మార్చి 4

త్యూరక్కా,

ఫోన్లో చెబితే మధ్యలో దూరి నన్నే తిడతావు. అందుకే ఉత్తరం.

మా కిటికీల ఫ్యాక్టరీకి ప్రెబెన్ అని కొత్త డైరెక్టరు వచ్చాడు. మంచివాడే. భోజనాల గది గోడకి పెద్ద కాగితం అంటించి, "చెప్పిన రోజుకే కిటికీ" అని రాశాడు. ఇకమీదట కంపెనీ దారి ఇదేనట. ఉన్న నలభై ఒక్క కంప్యూటర్ ప్రోగ్రాముల్లో ఈ మాటకి పనికిరానివన్నీ తీసేస్తాడట. మొదటి వేటు నా రొట్టెల జాబితా మీదే! శుక్రవారం పొద్దున అందరి ఫలహారానికీ రొట్టెలు తేవడం ఎవరి వంతో చెప్పే చిన్న ప్రోగ్రాము. ఇక్కడ కంప్యూటర్ల పనిలో చేరిన ఏడాది రాశాను, పదిహేడేళ్లుగా నడుస్తోంది.

"సిగ్నె, రొట్టెలకీ కిటికీలకీ ఏం సంబంధం చెప్పు?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. యాభై రెండేళ్లదాన్ని, సిగ్గుగా ఉంది. కానీ నేను చేసినవాటిలో అందరూ రోజూ తెరిచేది అదొక్కటే అక్కా. రాజీనామా రాసి సొరుగులో పెట్టాను. మా ఆయన మోయెన్స్‌కి కూడా చెప్పలేదు.

నీ సిగ్నె

ఏప్రిల్ 12

అక్కా,

కూర్చుని చదువు. జాబితా ఆపిన వారంలోనే మూడు లారీలు ఆలస్యం! శుక్రవారం రొట్టెలూ లేవు, ఎవరికి వారు పక్కవాడు తెస్తాడనుకున్నారు. ప్రెబెన్ నెత్తి పట్టుకుని అందర్నీ పిలిచాడు. చెక్క కోసే ఆక్సెల్ లేచి, "ఆలస్యాలన్నీ రొట్టెల జాబితాలోనే రాసేవాళ్లం. అది తీసేశావుగా" అన్నాడు.

వంతు పక్కన నేను వదిలిన ఖాళీ గడిలో, "గాజు రాలేదు, గురువారం కుదరదు. ఏమనుకోకండి, రెండు దాల్చినచెక్క రొట్టెలు ఎక్కువ తెస్తా" అని రాసేవాళ్లట. అమ్మకాలవాళ్లు అది చూసి లారీల వరస సర్దుకునేవాళ్లట. నాకే తెలీదు!

"మరి ఆలస్యాలు రాయడానికి మన పెద్ద ప్రోగ్రాము ఉందిగా?" అన్నాడు ప్రెబెన్.

"పదకొండు పేజీలు నింపాలి నాయనా! ఆలస్యమని చెప్పేలోగా కిటికీయే తయారైపోతుంది" అన్నాడు ఆక్సెల్.

"సిగ్నె, నీ జాబితా మళ్లీ పెట్టెయ్" అన్నాడు ప్రెబెన్. ఎంత పొంగిపోయానో! అయినా "పెట్టను" అన్నాను. "కంపెనీ మాట రొట్టెల చాటున దాక్కోవడమేంటి? ఆ గడి పెద్ద ప్రోగ్రాము మొదటి పేజీలో ఉండాలి. ఏది ఉంచాలో, ఏది తీయాలో పనిచేసేవాళ్లని అడిగి తేల్చాలి." ఆ పెత్తనం నాకే ఇచ్చాడు. గడి పెట్టేశాను, లారీలు వేళకి కదులుతున్నాయి. రాజీనామా చించేశాను. మోయెన్స్‌తో అనకు.

నిన్న శుక్రవారం. మళ్లీ పస్తుండాల్సి వస్తుందని భయపడి ఎనభై మందీ తలో సంచీ రొట్టెలు తెచ్చారు! లారీ డ్రైవర్లకి పంచినా తరగలేదు. ప్రెబెన్ మూడు సంచులతో గుమ్మంలో నిలబడిపోయి, "రొట్టెలకి మాత్రం జాబితా ఉండాల్సిందే, సిగ్నె" అన్నాడు.

పెట్టాను అక్కా. ఈసారి ఖాళీ గడి లేకుండా.

నవ్వీ నవ్వీ కడుపు నొప్పితో,
నీ సిగ్నె