మణికట్టులో నలిగిన నరం

బావా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈరోజు టెక్కలి వెళ్లి నా కుడిచేతికి నరాల పరీక్ష చేయించుకున్నాను.

ఏ వేళ్లు తిమ్మిరెక్కుతాయని డాక్టరమ్మ అడిగింది. "సిటికినేలు తప్ప అన్నీ సచ్చిపోతన్నాయమ్మా. తెల్లారగట్ల సెయ్యి ఇదిలిత్తే గానీ పేణం రాదు" అన్నాను. మణికట్టు వంచి కాసేపు అలాగే ఉంచమంది. అప్పుడే తిమ్మిరి మొదలైంది. తర్వాత తీగలు తగిలించి చిన్న కరెంటు పెడితే బొటనవేలు దానంతటదే ఎగిరింది. మణికట్టు సందులో నరం నలిగిపోయి, వేళ్లకూ నాకూ మధ్య కబురు ఆలస్యంగా నడుస్తోందట.

"జీడి నూనె తినీసిందే నీ ఏళ్లని" అనేవాడివి నువ్వు. పలాసలో నాతో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లందరిదీ అదే మాట. నేను పని నుంచి రాగానే ఒక్కో వేలికీ కొబ్బరినూనె రాసేవాడివి. నువ్వు డయాలసిస్ చేయించుకుని వచ్చిన రోజు కూడా మానలేదు. రోగం వేళ్లలో లేదు బావా.

చిన్న ఆపరేషన్ చేస్తే స్పర్శ తిరిగి వస్తుందని చెప్పారు. నాతో వచ్చిన అత్త సంతోషపడింది. నాకు మాత్రం ఆసుపత్రిలో నీ ఆఖరి పొద్దు కళ్ల ముందుకొచ్చింది. మాట పడిపోయాక నువ్వు నా కుడిచెయ్యే పట్టుకున్నావు. "సెయ్యి నొక్కుతన్నాడేటే?" అని అత్త పదే పదే అడిగింది. నా చెయ్యి అప్పటికే తిమ్మిరెక్కి ఉంది. నీ వేళ్లు వదిలేశాయని కూడా అత్త ఏడుపు విన్నాకే తెలిసింది.

నొక్కావా, బావా?