భద్రమ్మ బండిలో ముందు సీటు

తర్లగూడ దగ్గర, జనవరి 11

జగదల్‌పూర్ బాడీ షెడ్డు హరిబాబుకు భద్రమ్మ రాయించే ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వూ నీ వెల్డింగ్ మిషనూ క్షేమమని తలుస్తాను.

మా అన్న కొడుకు దేవా నీ షెడ్డులో వదిలి వచ్చిన తెల్ల పికప్ నాదే. వేరేవాళ్లు వాడి అమ్మిన బండే అయినా నాకు కొత్తదే. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి, ఎక్కాక మాట్లాడే ఊపిరి మిగలదు. అందుకే ఉత్తరం బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపుతున్నాను.

నాకు కావలసినవి ఎక్కువేమీ లేవు. వెనక తొట్టికి నడుమెత్తు ఇనుప జాలీ, మిర్చి తడవకుండా పైపుల చట్రం మీద టార్పాలిన్, బరువు ఆగేలా కింద కమాన్ పట్టీ ఒకటి అదనంగా వేయించు.

ఇంకో మాట చెబుతాను, నవ్వకు. మా ఆయన పోయినప్పటి నుంచి మూడెకరాల మిర్చి నేనే చూసుకుంటున్నాను. ప్రతి సంతకూ ఎవరిదో ఒక బండి వెనక నిలబడి పోతాను. ఒకసారి పక్కనున్న మేక నా కొంగు సగం తినేసింది, సంత వచ్చేదాకా నాకు తెలియలేదు. ఇప్పుడు బండి నాది. డ్రైవర్ పక్కన, ముందు సీట్లో కూర్చుని దర్జాగా సంతకు పోవాలి. ఆ సీటుకు మంచి మెత్త వేయించు. నిజం చెప్పాలంటే బండి కొన్నదే దానికోసం.

రెండో కోత మిర్చి ఎండేలోపు బండి పంపు.

ఇట్లు,
భద్రమ్మ

తా.క.: ఈ ఉత్తరం రాసిన చెయ్యి నాది. నా పేరు రామయ్య, ఆమెకు బావ వరస. ఊళ్లో పిల్లలంతా హిందీ బడిలో చదివినవాళ్లు, తెలుగు రాసేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. ముందు సీటు కాస్త వెడల్పు చేయగలరు. నా మోకాళ్లు వంగవు. ఈ మాట ఆమెకు చదివి వినిపించలేదు.

*

జగదల్‌పూర్, జనవరి 19

భద్రమ్మ గారికి హరిబాబు నమస్కారాలు. మీ ఉత్తరం కళ్లకద్దుకున్నాను. మా నాన్న విజయనగరం నుంచి వచ్చి ఈ షెడ్డు పెట్టి ముప్పై ఏళ్లయింది. ఇన్నేళ్లలో వెల్డింగ్ మిషను క్షేమం అడిగిన కస్టమర్ మీరొక్కరే.

జాలీ బిగించడం అయిపోయింది, చట్రం నిలబెట్టాను. సీటు కూడా ఆరంగుళాలు వెడల్పు చేశాను. ఇప్పుడు అందులో ఇద్దరు సుఖంగా కూర్చోవచ్చండి, సన్నగా ఉంటే ముగ్గురు. ఇంకేమైనా కావాలంటే మొహమాటపడకుండా రాయండి. కస్టమర్ నోరు తెరిచి అడగాలే గానీ, మా షెడ్డులో కాదన్న మాట లేదు.

ఇట్లు,
మీ విధేయుడు
హరిబాబు

తా.క.: రామయ్య గారి మోకాళ్లకు నువ్వుల నూనె మంచిది.

*

తర్లగూడ దగ్గర, ఫిబ్రవరి 1

హరిబాబుకు భద్రమ్మ ఆశీస్సులు. నేను క్షేమం కాదు.

నీ ఉత్తరం సంతలో, టీ కొట్టు దగ్గర అందింది. మా బావకు ఉత్తరం దొరికితే గట్టిగా చదవడం అలవాటు. "ఇద్దరు సుఖంగా, సన్నగా ఉంటే ముగ్గురు" అనేదాకా చదివి, చివర ఎందుకో దగ్గు తెచ్చుకుని ఆపేశాడు. అప్పటికే సంతంతా విన్నది. సర్పంచ్ సోమారు గ్లాసు కింద పెట్టి, "భద్రక్కా, మరి బ్లాక్ ఆఫీసు మీటింగులకు ముందు సీటు నాదేనా" అన్నాడు. వెంకమ్మ వదిన ఊరుకుంటుందా? "నాకు వెనక కూర్చుంటే వాంతులైతయి, నన్ను ముంగట కూసోబెట్టు" అన్నది. ఆమె ఇన్నేళ్లూ వెనకే కూర్చుని పోయింది, ఒక్క వాంతీ నేను చూడలేదు.

అంతటితో పోలేదు. బుధ్రాకు మేకలు కట్టడానికి తొట్టిలో కొక్కేలు కావాలట. ముసలివాళ్లకు ఎక్కడానికి నిచ్చెన కావాలట. కుర్రాళ్లకు పాటల డబ్బాలు కావాలట. వెనక కూర్చునేవాళ్లకు రెండు వైపులా బెంచీలు కావాలట. బండి నాదా ఊరిదా? చూడు నా కర్మ ఎట్లా ఉందో.

సీటు మళ్లీ సన్నగా చెయ్యి. ఒక్క మనిషికి, అదీ నా అంత మనిషికి సరిపోతే చాలు. మిర్చి కల్లంలో ఎండుతోంది.

ఇట్లు,
భద్రమ్మ

తా.క.: నువ్వుల నూనె రాశాను. మోకాళ్లు వంగలేదు గానీ చీమలు వచ్చాయి. రామయ్య.

*

జగదల్‌పూర్, ఫిబ్రవరి 12

భద్రమ్మక్కకు హరిబాబు నమస్కారాలు. మీరు ఆశీస్సులని రాశారు కాబట్టి అక్కా అంటున్నాను, ఏమీ అనుకోకండి.

మీరు రాసినవన్నీ పూర్తి చేశానక్కా. మేకలకు ఆరు కొక్కేలు, వెనక మడత నిచ్చెన, నాలుగు పాటల డబ్బాలు, రెండు వైపులా రెక్సిన్ బెంచీలు. బెంచీల మీద కూర్చునేవాళ్ల తలలు తగులుతున్నాయని చట్రం రెండడుగులు పైకి లేపాను. అప్పుడు తొట్టిలో మిర్చికి చోటు లేదని గమనించి, చట్రం మీద క్యారియర్ కట్టాను. మనుషులు కింద, మిర్చి పైన. రాయడం మరిచారనుకుని ముందు బంపర్ గార్డు, పసుపు లైట్లు, ఏడు రకాలుగా మోగే హారన్ నేనే పెట్టేశాను. సీటు సన్నగా చేసేశాను.

నా చేతి మీదుగా ఇంత అందమైన బండి ఇంతవరకూ బయటికి వెళ్లలేదు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు.

ఇట్లు,
మీ తమ్ముడు
హరిబాబు

తా.క.: బండి ఎత్తు కొంచెం పెరిగింది. మీ దారిలో కరెంటు తీగలు ఎంత ఎత్తున ఉంటాయో కొలిచి రాయగలరు.

*

తర్లగూడ దగ్గర, ఫిబ్రవరి 22

హరిబాబూ,

ఆశీస్సులు పెట్టే ఓపిక కూడా లేదు. నేను నీకు నా గోడు చెప్పుకున్నానయ్యా, సామాన్ల చిట్టా పంపలేదు. "కావాలట" అని ఏడిస్తే నువ్వు వెల్డింగ్ పెట్టుకుని కూర్చున్నావు. కొక్కేలు పీకెయ్, నిచ్చెన పీకెయ్, బెంచీలు, డబ్బాలు, క్యారియర్ అన్నీ పీకెయ్. ఆ ఏడు రకాల హారన్‌లో ఆరు రకాలు తీసెయ్.

నిన్న రెండో కోత మిర్చిని మబ్బులకు భయపడి కల్లంలోనే మిర్చి కొనే సేఠ్ బండికి ఎత్తించాను. సొంత బండి జగదల్‌పూర్‌లో ఫోటోలు దిగుతోంది, నేను సేఠ్ బండికి బస్తాలు అందిస్తున్నాను. ఇంతకన్నా సిగ్గుచేటు ఏముంటుంది?

ఇంకా విను. నీ ఉత్తరం విన్నాక ఊళ్లో మీటింగ్ పెట్టారు. ముందు సీటు మీద కొట్లాట రాకూడదని వారానికి ఒకరు చొప్పున వంతులు రాశారు. సోమారు మొదటి వారం. వెంకమ్మ వదిన రెండు. "నేనో?" అని అడిగాను. "నీదేంది భద్రక్కా, బండే నీది గదా, నీకు తొందరేంది" అని నన్ను పదకొండో వారంలో వేశారు. నా బండిలో నా వంతు పదకొండు! ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. పొగ వల్ల అనుకున్నారు.

ఇక నాకు తెలివి పని చేయడం లేదు. ఆ ముందు సీట్లో ఒక్కడంటే ఒక్కడు కూర్చోలేకుండా ఏదో ఒకటి చెయ్యి. నీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
భద్రమ్మ

తా.క.: నా వంతు మూడో వారం. దయచేసి బండి తొందరగా పంపగలరు. రామయ్య.

*

జగదల్‌పూర్, మార్చి 5

భద్రమ్మక్కకు హరిబాబు పాదాభివందనాలు. మీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం తినలేదు. కస్టమర్ కంటతడి పెట్టడం మా షెడ్డు చరిత్రలో లేదు, డబ్బు కట్టేటప్పుడు తప్ప.

పెట్టినవన్నీ పీకేశాను. జాలీ, టార్పాలిన్, కమాన్ పట్టీ మాత్రం ఉంచాను. హారన్ ఒకే రకంగా మోగుతుంది.

ముందు సీటు సంగతి మనసుపెట్టి చేశానక్కా. ఒక్కడు కూడా కూర్చోకూడదన్నారు. సీటే తీసేసి, ఆ చోట సామాను పెట్టుకోవడానికి ఇనుప పెట్టె వెల్డింగ్ చేశాను. దాని పైభాగం ఇంటి కప్పు లాగా వాలుగా ఉంటుంది. సర్పంచ్ గారు కాదు, పిల్లి ఎక్కినా జారిపోతుంది. మా షెడ్డులో అందరం ఎక్కి చూశాం, అందరం జారాం. ఇక మీ ఊళ్లో కొట్లాట ఉండదు. మీ మనసు చల్లబడిందని ఒక్క ముక్క రాస్తే నాకు నిద్ర పడుతుంది.

ఇట్లు,
మీ తమ్ముడు
హరిబాబు

తా.క.: పెట్టెకు గట్టి తాళం వేశాను. తాళంచెవి పెట్టెలోనే ఉండిపోయిందని అనుమానం.

*

తర్లగూడ దగ్గర, మార్చి 14

హరిబాబూ,

బండి వచ్చింది. దేవా తలుపు తీసి చూపించాడు. ఊరంతా చూసింది. నేనూ చూశాను. సోమారు ఒకసారి ఎక్కబోయి జారి దిగి, ఇంటికి పోయాడు.

ఒక్కడు కూడా కూర్చోకూడదంటే నేను కూడా కూర్చోకూడదనా నాయనా? నిన్న నా సొంత బండిలో, వెనక, బస్తాల మధ్య నిలబడి సంతకు పోయాను. ఎప్పుడూ పోయినట్టే పోయాను. జాలీ మాత్రం బాగుంది, పట్టుకోవడానికి.

నిన్ను తిట్టను. నా రాతే అట్లా ఉంది. బండి అమ్మేస్తాను. ఇక ఉత్తరాలు ఉండవు.

భద్రమ్మ

తా.క.: హరిబాబు గారూ, మొదటి ఉత్తరంలో నా మోకాళ్ల సంగతి రాయకపోతే ఇంత జరిగేది కాదు. ఆ మాట ఇవాళ ఆమెతో చెప్పేశాను. చాట విసిరింది. మోకాలికి తగిలింది. రామయ్య.

*

జగదల్‌పూర్, మార్చి 24

భద్రమ్మక్కకు,

తప్పు నాది. బండి అమ్మకండి. దేవాతో ఒక్కసారి పంపండి. పెట్టె కోసేసి, మీ సీటు మీకు ఉచితంగా బిగిస్తాను. మెత్త రెండింతలు వేస్తాను. సీటు వీపు మీద మీ పేరు రాయిస్తాను, ఇంకెవరూ కూర్చోరు.

మీ జవాబు కోసం రోజూ బస్టాండుకు వెళ్తున్నాను. కండక్టర్ నన్ను చూసి ముఖం తిప్పుకుంటున్నాడు.

ఇట్లు,
హరిబాబు

తా.క.: తాళంచెవి పెట్టెలోనే ఉంది. ఖాయం.

*

తర్లగూడ దగ్గర, మే 30

తమ్ముడు హరిబాబుకు భద్రమ్మ ఆశీస్సులు.

జవాబు ఆలస్యమైంది, నీ సీటు మాత్రం వద్దు. నువ్వు సీటు బిగిస్తే మళ్లీ మీటింగ్ పెడతారు. నా పేరు రాస్తే, భద్రమ్మ అనే పేరు మా ఊళ్లో ఇంకో ముగ్గురికి ఉంది.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను బండి అమ్మడానికే తుడుస్తున్నాను. తుడుస్తూ లోపలికి చూస్తే, ముందు సీటు ఒకటి ఉండనే ఉంది. స్టీరింగ్ వెనక. దాని మీద సోమారుకు వంతు లేదు, వెంకమ్మ వదినకు వంతు లేదు. దాన్ని అడగాలంటే బండి తోలడం రావాలి, దేవాకు తప్ప ఎవరికీ రాదు. నాకూ రాదు. అంతే కదా అనుకున్నాను.

"దేవా, నాకు నేర్పురా" అన్నాను. "నీకేంది అత్తా, ఈ వయసుల!" అని వాడు నవ్వాడు. "ఈ వయసుల మిర్చి ఏరుతలేనా?" అన్నాను. పక్కన సీటు లేదు కాబట్టి, కోసిన వరి మడిలో బండి వెంట పరిగెత్తుతూ నేర్పాడు. "క్లచ్ అత్తా! క్లచ్!" అని వాడు అరిచేది పక్క ఊరికి వినబడేది. నెలన్నరలో వాడు సగమయ్యాడు, నాకు గేర్లు వచ్చాయి. ఒకసారి గట్టు ఎక్కించాను, రెండుసార్లు గడ్డివాములో దూర్చాను. మా జిల్లా బీజాపూర్‌లో లైసెన్సు ఆఫీసు సాబ్ పరీక్ష పెట్టాడు. బండి మధ్యలో ఒక్కసారీ ఆగిపోలేదు. లైసెన్సు మొన్న వచ్చింది. ఫోటోలో నేను కోపంగా ఉన్నాను, నిజానికి అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఇవాళ చింతపండు ఎత్తుకుని మొదటిసారి నేనే సంతకు తోలాను. దేవా వెనక నిలబడ్డాడు. మలుపులో సోమారు చెయ్యెత్తి బండి ఆపి, అలవాటు ప్రకారం వెనకున్న దేవాతో మాట్లాడబోయాడు. వాడు నా వైపు చూపించాడు. సర్పంచ్ చుట్టూ తిరిగి నా కిటికీ దగ్గరికొచ్చి, తలపాగా సర్దుకుని, "భద్రక్కా, జాగా ఉన్నదా?" అని నన్ను అడిగాడు. ఇన్నేళ్లూ బండ్ల దగ్గర నిలబడి ఆ మాట అడిగింది నేను తమ్ముడూ.

ఎక్కించుకున్నానులే. ఏం చేస్తాం, మనవాళ్లే కదా.

ఇట్లు,
మీ అక్క
భద్రమ్మ, డ్రైవర్

తా.క.: హరిబాబు గారూ, ఈ తా.క. సంత నుంచి తిరిగి వస్తూ, బండి వెనక, ఖాళీ బస్తాల మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే అది నా చేతి తప్పు కాదు. ఆమె గుంతలకు ఆగదు. మా ఇల్లు వచ్చి, దాటిపోయింది కూడా. ఆపమని నేనూ సోమారూ అరుస్తున్నాం, హారన్ కొడుతోంది. రామయ్య.