మునియప్ప గిటార్

1985 జూన్, ఆదివారం

కావేరిపట్టణం పెండ్లి రిసెప్షన్‌లో ఈరోజు మునియప్పను మా ఆర్కెస్ట్రా నుంచి తీసేశారు.

అతను హోసూరు పక్కన మూకండపల్లి ఫ్యాక్టరీలో నాతోపాటే పనిచేస్తాడు. బెంగుళూరులో కొన్న బ్లూస్ రాక్ అనే ఇంగ్లీషు పాటల క్యాసెట్లు వింటూ గిటార్ నేర్చుకున్నాడు. "ఆ క్యాసెట్లలో వాళ్లకి ఎంతైనా వాయించే శక్తి ఉండాదప్పా. అయినా ఒక్క స్వరం మీటి, అది ఆరిపోయేదాకా ఊరుకుంటారు. పాడేవాడూ అరవడు, ఏడుపంతా గొంతులోనే పెట్టుకుంటాడు" అనేవాడు. నా పాట వెనక కూడా అట్లాగే వాయించేవాడు.

రెండో పాట కాగానే ఆర్కెస్ట్రా ఓనర్ స్టేజీ ఎక్కాడు. "ఏమప్పా, చేతులు నొప్పా? జనం నిద్రపోతా ఉండారు. దిగు, కీబోర్డు చాలు" అన్నాడు.

"మునియప్ప లేకుంటే నేను పాడను సార్" అన్నాను.

"అయితే నువ్వూ దిగు."

మునియప్పే నా భుజం తట్టాడు. "పెండ్లివాళ్లు ఏం తప్పు చేసినారప్పా? పాడు" అని గిటార్ సంచిలో పెట్టుకుని దిగిపోయాడు.

పాడాను. కీబోర్డు ఎక్కడా సందు ఇవ్వలేదు. ఊపిరి తీసుకునే చోటు లేక చరణం మధ్యలో గొంతు చీలింది. ఇన్నాళ్లూ నా గొంతే బాగుందనుకున్నాను. అతను వాయించకుండా వదిలిన చోట్లలోనే నేను పాడుతూ వచ్చానని ఈరోజు తెలిసింది.

హోసూరు తిరుగు బస్సులో ఆ మాటే చెప్పబోయాను. అంతలో అతను కిటికీలోంచి చూస్తూ, "గిటార్ అమ్మేస్తానప్పా. కొనేవాళ్లుంటే చెప్పు" అన్నాడు.

నేనే కొని మళ్లీ అతని చేతికే ఇస్తే, తీసుకుంటాడా...